ఏడో ప్రశ్నకు నేను రాసిన ‘లేదు’

నా పేరు ఎర్మెలిందా కయుపాన్. వయసు 51. తాల్కవానో రేవు మార్కెట్లో పీతలు ఉడికించి, ఒలిచి అమ్ముతాను. చనిపోయిన ఓర్తెన్సియా నా సొంత అక్క. నన్నెవరూ పిలిపించలేదు. నా అంతట నేనే ఈ విచారణ ఆఫీసుకు వచ్చాను.

అక్కకు రొమ్ము క్యాన్సర్. చంకలోని లింఫు గడ్డలకు పాకిందో లేదో డాక్టరు తేల్చలేకపోయాడు. పాకితే గడ్డలన్నీ తీసెయ్యాలన్నాడు. తీస్తే చెయ్యి వాచిపోవచ్చు. అక్క మగ్గం మీద దుప్పట్లు నేసేది. "చెయ్యి పోయాక నేనెందుకే?" అంది.

ఆస్పత్రిలో కొత్త పద్ధతి పరీక్షిస్తున్నారు. కంటికి ఆనని ఇనుప కణాలు, నానో కణాలంటారు, నరంలోకి ఎక్కిస్తారు. మర్నాడు స్కానింగ్. మంచి గడ్డలు ఇనుము పీల్చుకుని నల్లగా కనిపిస్తాయి. క్యాన్సర్ ఉన్నవి తెల్లగానే ఉండిపోతాయి.

మే 14 ఉదయం 8:40కి ఫారం ఇచ్చారు. అక్క కళ్ళజోడు తెచ్చుకోలేదు. నేనే చదివి నింపాను. ఏడో ప్రశ్న: ఇనుము ఎక్కించినప్పుడు ఎప్పుడైనా తేడా చేసిందా?

చేసింది. ఇరవై రెండేళ్ళ కిందట, కాన్పయ్యాక ఇనుము ఎక్కిస్తే మొహం వాచి, ఊపిరాడలేదు. బావ అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. పక్కన నేనే ఉన్నాను.

"లేదని రాయవే," అంది అక్క.

"ఆ రోజు చచ్చి బతికావు కదే!"

"అది పాత మందు. ఉందని రాస్తే ఇంటికి పంపేస్తారు. రాయవే, పీతల రాణీ."

రాశాను.

నర్సు మారిత్సా ఓయార్సో నోటితో కూడా అడిగింది. రెండుసార్లు అడిగింది. రెండోసారి నన్ను చూసి అడిగింది. "లేదమ్మా," అన్నాను.

9:25కి బొట్టుబొట్టుగా మొదలుపెట్టింది. 9:31కి అక్క, "నోట్లో తాళంచెవి పెట్టుకున్నట్టుందే," అని నవ్వింది. 9:33కి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నర్సు వెంటనే మందు ఆపి కేకేసింది. డాక్టర్లు పరిగెత్తుకొచ్చారు. 10:20కి అయిపోయిందన్నారు. అక్క వేళ్ళు నా చేతి నుంచి ఒక్కొక్కటే విడదీశారు.

మందు వేగంగా వదిలేసిందని బావ ఆ నర్సు మీద కేసు పెట్టాడు. మే 20న నేనూ అవునని సాక్షి సంతకం పెట్టాను. అది అబద్ధం. మందు మెల్లగానే వెళ్ళింది.

నిన్న బావతో విచారణకు వచ్చినప్పుడు ఈ ఆఫీసు నడవాలో ఆ నర్సు పిల్ల నా దగ్గరికొచ్చింది. "అక్కా, నేను అడిగాను కదా? అడగలేదేమోనని నాకే అనిపిస్తోంది," అంది. నేను మెట్లు దిగిపోయాను.

ఇది బావకు చదివి వినిపిస్తారని తెలుసు. ఆయన ఇక నా గుమ్మం తొక్కడు.

రాసింది నాకు చదివి వినిపించారు. ‘అక్క రాయించింది’ అని ఉన్నచోట ‘నేను రాశాను’ అని దిద్దించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. నిజం.

(సంతకం) ఎర్మెలిందా కయుపాన్
జూన్ 3, ఉదయం 11:15