తొంభై ఎనిమిది

ఒక ఆసుపత్రిలో గుండె, ఊపిరితిత్తుల అత్యవసర వార్డు. ఉదయం పదిన్నర. మూడో నంబరు మంచం మీద ఒక బడి బస్సు డ్రైవరు; పక్కన నర్సు, రోగి భార్య.

“అదేగదక్కా నేననేది! నిన్న ఎనభై తొమ్మిది దగ్గర కొట్టుమిట్టాడాం. ఇవాళ తొంభై ఎనిమిది. నాకే లేదేమో అంత ఆక్సిజను!”

“మెల్లగా సిస్టర్. ఆయన పడుకున్నారు.”

“పడుకోనివ్వండి పాపం. మూడు రోజులుగా వెనక్కి వాలితే ఊపిరాడక కూర్చునే ఉన్నారు. మీరేమైనా తిన్నారా?”

“తిన్నా.”

“ఏం తిన్నారు?”

“తిన్నాలెండి.”

“అబద్ధం. నేను డ్యూటీ ఎక్కినప్పట్నుంచీ చూస్తున్నా, ఆ స్టూలు మీంచి లేస్తే ఒట్టు. చెయ్యి దుప్పట్లో పెట్టుకుని కూర్చున్నారేంటలా?”

“ఆయన చెయ్యి పట్టుకున్నా. చల్లగా ఉంటేనూ.”

“చల్లగానే ఉంటుంది. గుండె నీరసిస్తే వేళ్ళదాకా రక్తం అందదు. అందుకే రాత్రంతా ఆక్సిజనూ నాడీ చూపే ఆ వేలి క్లిప్పు ఒకటే గోల.”

“ఆ గోలకే గదా డాక్టరుగారు పరిగెత్తుకొచ్చి గొట్టం వేద్దామన్నారు.”

“గోలకి కాదక్కా, అంకెకి. ఈ మాస్కు పెట్టినా ఎనభై ఎనిమిది కంటే దిగితే గొంతులోకి గొట్టం వేసి పెద్ద మెషిన్‌కి తగిలించాల్సిందే. ఊపిరితిత్తుల నిండా నీరు. మాస్కుతో ఎంతకని నెట్టుకొస్తాం?”

“మా బావగారికీ ఇలాగే చెప్పారు. రెండ్రోజుల్లో తీసేస్తామన్నారు. పదకొండు రోజులు సిస్టర్! పీక్కుంటాడని చేతులు మంచానికి కట్టేశారు. ఒక్క మాట... ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడు మనిషి. ఈయన కళ్ళారా చూశారు.”

“అందరికీ అలా అవుతుందా ఏంటి? నా చేతుల మీదుగా గొట్టం తీయించుకుని నడిచెళ్ళినవాళ్ళు బోలెడుమంది.”

“ఏమో. చేరిన రోజే నాచేత ఒట్టేయించుకున్నారు. ప్రాణం మీదికొచ్చినా గొట్టం వద్దని.”

“ఇంకేం మరి, మీ డ్రైవరుగారి పంతమే నెగ్గింది! గొట్టం లేదు, గిట్టం లేదు. ఏడింటి నుంచి రాస్తూనే ఉన్నా, తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై ఎనిమిది. డాక్టరుగారికి ఫోన్లో చదివి వినిపించా కూడా.”

“ఫోన్లోనా? ఆయన రాలేదా?”

“ఎక్కడొస్తారు? కింద ఒకేసారి ఇద్దరు పడ్డారు గుండెనొప్పితో. ఇక్కడ ఎనిమిది బెడ్లకీ నేనొక్కదాన్ని. అదిగో, ఆ బల్ల దగ్గర నిలబడి తెర మీద అంకెలు చూసి రాసుకోవడమే. మొహాలు చూసే తీరిక ఎవరికుంది?”

“ఏమన్నారు డాక్టరుగారు?”

“గండం గడిచిందన్నారు. ఈ మాస్కు మెషిన్ తీసి ఏడో బెడ్ పెద్దావిడకి పెట్టమన్నారు. ఆవిడకి డెబ్బై తొమ్మిది చూపిస్తోంది. మనకున్నవి రెండే మెషిన్లు.”

“తీయొద్దు!”

“అదేంటక్కా?”

“అంటే... కాసేపాగండి. సాయంత్రం దాకా.”

“సాయంత్రం దాకా ఆ పెద్దావిడ ఆగొద్దూ? ఈయనకి ముక్కు దగ్గర మామూలు ఆక్సిజను పెడతాలెండి. అదే ఎక్కువ.”

“ఆయనకింకా తగ్గలేదు సిస్టర్. నాకు తెలుసు, తగ్గలేదు.”

“బాగుంది వరస! తగ్గిందంటే ఏడుస్తారేంటి? అంకె కళ్ళెదురుగా కనబడుతుంటే! నాకొక్కటే అర్థం కావట్లేదు. నాడి నూట ముప్ఫై ఉంది. పొద్దున వందే. నిద్రపోయే మనిషికి ఇంత పరుగేంటి?”

“నాకేం తెలుసు.”

“కల్లో బస్సుకి బ్రేకు పడట్లేదేమో. కాస్త జరగండి. డ్రైవరుగారూ! లేవండి, బడి వచ్చేసింది, పిల్లల్ని దింపాలి!”

“లేపొద్దు సిస్టర్.”

“లేపకుండా మాస్కెలా తీస్తానూ? డ్రైవరుగారూ! ఏవండీ! అక్కా, ఆ దుప్పటి వదలండి. వదలమంటుంటే! అయ్యో, నూట నలభై... చెయ్యిలా ఇవ్వండి... అక్కా. క్లిప్పు మీ వేలికుందేంటి?”

“అది కూస్తే మీరొస్తారు. మీరొస్తే గొట్టం వేస్తారు. కాసేపే అనుకున్నా సిస్టర్. ఆయన వేళ్ళు వెచ్చబడగానే మళ్ళీ ఆయనకే పెట్టేద్దామనుకున్నా. పడట్లేదు... ఎంత రుద్దినా వెచ్చబడట్లేదు.”

“కొంప ముంచారు గదక్కా! ఎవరక్కడ? డాక్టరుగారిని పిలవండి! మూడో బెడ్! పరిగెత్తండి! డ్రైవరుగారూ, కళ్ళు తెరవండి... పెదాలు చూడండి ఎలా నీలమైపోయాయో, ఈ పెదాలు చూసి కూడా...”

“ఛాతీ లేస్తోంది గదా సిస్టర్. చూడండి, లేస్తూనే ఉంది.”

“అది మాస్కులోంచి మెషిన్ కొట్టే గాలి! ఎప్పట్నుంచి పెట్టుకున్నారు ఈ క్లిప్పు?”

“ఒట్టేశాను గదా సిస్టర్...”

“ఒట్టు సంగతి తర్వాత! ఎప్పట్నుంచి? డాక్టరుగారు మొదట అడిగేది అదే!”

“ఆరింటి నుంచి. ఆరింటికి నా కొంగు పట్టుకుని... ఇంక నా వల్ల కాదే, ఆ గొట్టమేదో వేసేయమను, వెళ్ళి చెప్పవే అన్నారు. ఆ మాట విన్నాకే పెట్టుకున్నా.”