బకెట్ సీను

వేదిక వెనుక మేకప్ గదిలో, తన జీవితకథ పుస్తకం గురించి ప్రసంగించడానికి వచ్చిన హాస్యనటి ముందు సభ నిర్వాహకుడు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“చిన్న కోరిక మేడమ్. వేదిక ఎక్కగానే ఆ బకెట్ సీన్లోలాగా ఒక్కసారి జారిపడండి చాలు, హాలు దద్దరిల్లిపోతుంది. కింద పరుపు కూడా వేయించాం.”

“నన్ను పిలిచింది మాట్లాడ్డానికా, పడ్డానికా?”

“మాట్లాడ్డానికేనండీ. కానీ జనానికి మీరంటే ఆ సీనే కదా!”

“నా పుస్తకం చదివారా?”

“అట్ట చూశానండీ. ఫొటో బ్రహ్మాండం!”

“లోపల అక్షరాలు కూడా ఉన్నాయి నాయనా. ఆ సీన్లో నేను నటించలేదు. సబ్బునీళ్లలో నిజంగానే కాలు జారి మోకాలు విరిగింది. షాటు బాగా వస్తోందని ఆ మహానుభావులు కెమెరా ఆపనేలేదు.”

“అదేంటండీ, పడ్డాక మీరు పగలబడి నవ్వుతారుగా! మా పిల్లలు అచ్చం అలాగే నవ్వుతారు.”

“అది అరుపయ్యా! బకెట్ నెత్తిన బోర్లాపడింది కాబట్టి నా మొహం ఎవరికీ కనపడలేదు. డబ్బింగులో అరుపు తీసేసి నవ్వు పెట్టారు.”

“ఎవరి నవ్వండీ?”

“నాదే. కాలికి కట్టుతో కుర్చీలో కూర్చోబెట్టి, తెరమీద నేను పడుతుంటే నాచేతే నవ్వించారు. నవ్వనంటే ఇంకో వేషం దొరకదన్నారు.”

“... పరుపు తీయించేస్తానండీ.”

“తీయించండి. మైకు సరిగ్గా పనిచేస్తోందో లేదో అది కూడా చూడండి. ఆ అరుపు ఇవాళ చివరి వరస దాకా వినపడాలి.”