రాజ్‌కిరణ్ చూపించే సమాధులు

ఐర్లాండ్‌లోని ములింగార్‌కు పావుగంట దూరంలో ఒక పాత శ్మశానం. అక్టోబర్ ఆదివారం, మధ్యాహ్నం. పేరున్నవాళ్ల సమాధులు చూడటానికి వచ్చిన జనం అప్పుడే వెళ్లిపోయారు. వాళ్లకు దగ్గరుండి అన్నీ చూపించిన రాజ్‌కిరణ్, ఈ టూరుకు మొదటిసారి వచ్చిన అతని భార్య అలేఖ్య మిగిలారు.

"ఆ ముసలామె నీ చెయ్యి పట్టుకోని ఏం చెప్పింది, కిరణ్?"

"ఏం లేదు. వాళ్ల పెండ్లిల ఈయన పాడిండట. ఇగో, ఈ తెల్లరాయి ఆయనదే. ఫింటన్ మలార్కీ. అరవైలల్ల ఈయన బ్యాండ్ వస్తుందంటే చుట్టుపక్కల ఊర్లల్ల ఎవ్వరూ ఇంట్ల ఉండకపొయ్యేది."

"చెప్పినవ్ ఇందాక. అందరికీ చెప్పినవ్."

"నువ్వు వెనుక నిలబడ్డవ్ గదా. వినపడలేదేమో అని."

"వినపడ్డది. మంచిగ చెప్తున్నవ్. ఆమె ఏడ్చింది కూడ. ఇంకొకాయన అడిగిండు గదా, ఇండియా నుంచి వచ్చి మావాళ్ల గురించి ఇంత ఎట్ల తెలుసు నీకు అని."

"చరిత్ర ఇష్టమని చెప్పిన."

"టెన్త్‌ల నీకు సోషల్‌ల ముప్పై ఏడు."

"ముప్పై తొమ్మిది."

"సరే. ముప్పై తొమ్మిది."

"చలి పెడ్తున్నదా, లేఖా? కార్ల జాకెట్ ఉన్నది, తెస్త."

"వద్దు."

"రెండు నిమిషాలు. పోయి తెస్త."

"వద్దన్న గదా. శనివారం ఇల్లు ఖాళీ చేసి లిమరిక్ పోతున్నం. లీజ్ అయిపోతది, తాళాలు ఇచ్చేస్తం. మళ్లీ ఇటు ఎప్పుడొస్తమో. పోయేముందు పాప జాగ ఒక్కసారి చూపియ్యి అన్న. పొద్దున నువ్వు సరే అన్నవ్."

"చూపిస్త. ఎటు పోతది?"

"ఎటూ పోదు."

"నేనన్నది అట్ల కాదు."

"తెలుసు. నడువు."

"ఇటు నుంచి పోదాం. దారిల బర్నీ ఉంటడు. అందరికీ ఇష్టం ఆయనంటే. రేడియోల నవ్వించేటోడు. ఆ రాయి మీద ఏం రాయించుకున్నడో చూడు. ఇంత దూరం వచ్చి నవ్వకుండ పోతరా అని."

"నువ్వు నవ్వినవా?"

"ఎప్పుడు?"

"మొదటిసారి చదివినప్పుడు."

"లేదు."

"మొదటిసారి ఎప్పుడు చదివినవ్?"

"మార్చిల అనుకుంట."

"మార్చిల. అంటే పాప పోయి మూడు వారాలు. అప్పుడు ఆదివారం క్రికెట్ ఉన్నదని పొయ్యేటోనివి."

"క్రికెట్ కూడ ఉండె."

"మార్చిల? ఐర్లాండ్‌ల?"

"ఇండోర్."

"ఊఁ."

"నువ్వు అట్ల ఊఁ అంటే నాకు ఏం చెప్పాల్నో తెల్వదు."

"ఏం చెప్పకు. అడిగినదానికి చెప్పు చాలు. ఆ రోజు వానుండెనా?"

"ఏ రోజు?"

"పాపను పెట్టిన రోజు."

"లేదు. ఎండనే ఉండె. మంచిగ ఉండె వాతావరణం."

"ఉప్పు వేసినవా? పసిపిల్లను పెట్టేటప్పుడు ఉప్పు వెయ్యాలె అని పెద్దబాపు ఫోన్ల చెప్పిండు గదా."

"వేసిన."

"ఎక్కడిది ఉప్పు?"

"ఇంట్లదే. వంటింటి అల్మారల ఉండె గదా, పైన. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు, లేఖా?"

"నేను చూడలే గదా. తల్లి పోవద్దన్నరు. తండ్రి పెట్టి, వెనుకకు తిరిగి చూడకుండ రావాలన్నరు. అందుకని అడుగుతున్న. గొయ్యి లోతు ఎంత తవ్విన్రు?"

"ఇంత. నడుం దాంక."

"పాపను పెట్టిన డబ్బా బరువు ఉండెనా?"

"లేదు. తేలిక. ఇగో, ఈయన్ని చూడు, ఈ నల్లరాయి. టీడీ. అంటే మన ఎమ్మెల్యే లెక్క. మూడుసార్లు గెలిచిండు. గెలిచినప్పుడల్లా ఈ శ్మశానం రోడ్డు బాగు చేయిస్త అన్నడట. లాస్ట్‌కు ఆయన్ని తెచ్చిననాడు కూడ ఆ గుంతలల్లనే ఊగుకుంట వచ్చింది శవం బండి. ఇది చెప్తే అందరూ మస్తు నవ్వుతరు."

"నవ్విన్రు. చూసిన. ఎంతమంది ఉన్నరు ఇట్లాంటోళ్లు ఇక్కడ?"

"పేరున్నోళ్లా? పద్నాలుగు మంది. పాటగాళ్లు ముగ్గురు, నాటకాలామె ఒకామె, వార్తలు చదివినాయన, ఇగ పార్టీలోళ్లు. చర్చ్ కమిటీ దగ్గర కూడ ఇంత లెక్క లేదు. వాళ్లే నన్ను అడుగుతరు, ఎవరన్న పలానా ఆయన ఎక్కడ అని ఫోన్ చేస్తే."

"పద్నాలుగు మందివీ జాగలు తెలుసు నీకు."

"కండ్లు మూసుకోని పోత."

"మన పాపది?"

"అదే పోతున్నం గదా. ఈ వరుస దాటినంక, కిందికి."

"ఇందాక గేటు దిక్కు అన్నవ్."

"గేటు దిక్కు నుంచి కూడ పోవచ్చు."

"కిరణ్."

"ఆఁ."

"ఇదే వరుసకు మళ్లీ వచ్చినం. ఆ తెల్లరాయి మళ్లీ వచ్చింది."

"కూసుంటవా కొంచెంసేపు? కుట్ల దగ్గర నొస్తుందన్నవ్ మొన్న."

"కూసోను. నాకు ఏమీ నొయ్యదు. జీపీ డాక్టరమ్మ గూడ అదే అడిగింది, నిద్ర పడ్తున్నదా, ఏడుస్తున్నవా అని. ఏడుపు వస్తలేదు అన్న. గోలీలు రాస్త అన్నది. ఏడుపు వచ్చేటందుకు కూడ గోలీలుంటయా అని అడిగిన. ఆమె నవ్విందో లేదో తెల్వదు. నేను అయితే నిజంగ కావాల్ననే అడిగిన."

"నాకు చెప్పలేదు నువ్వు."

"నువ్వు అడగలే. పొద్దున లేస్త, బాక్స్ కడ్త, ఆఫీసు పోత, వస్త. ఎన్మిది నెలలు. ఎట్ల అయిపొయినయో తెల్వదు. నాలుగు రోజులు బతికిన పిల్లకు పేరు గూడ లేదు, ఇరవై ఒకటో రోజు పెడ్దాం అనుకున్నం. ఏమని తల్సుకోవాలె? అందుకే జాగన్న చూపియ్యి అంటున్న. ఇంకేం అడుగుతలేను నిన్ను."

"లేఖా."

"చెప్పు."

"నాకు తెల్వదు."

"ఏం తెల్వదు?"

"ఎక్కడ పెట్టిన్రో నాకు తెల్వదు. నేను రాలే ఆ రోజు."

"ఎటు పోయినవ్ మరి?"

"బయలుదేరిన. నిజంగ బయలుదేరిన. పాపను తెస్తం, పదిన్నరకు ఇక్కడికి రమ్మని హాస్పిటలోళ్లు అన్నరు. రోడ్డు మీద పెట్రోల్ బంక్ ఉన్నది గదా, అక్కడ ఆపిన. టీ తీసుకున్న. తాగినంక పోదాం అనుకున్న. మళ్లొకటి తీసుకున్న. ఫోన్ మోగుతుంటే ఆఫ్ చేసిన. నా చేతుల పెడ్తరు, నేను పట్టుకోవాలె, దింపాలె, మన్ను వెయ్యాలె, ఇంక వెనుకకు చూడొద్దు. నాతోటి కాలే. భయమైంది. గంతే. ఇంకేం కారణం లేదు."

"ఎంతసేపు కూసున్నవ్?"

"రెండు గంటలు. ఎక్కువనే. తర్వాత హాస్పిటల్‌కు నీ దగ్గరికి వచ్చిన. అయిపోయిందా అని నువ్వు అడిగినవ్. అయిపోయింది అన్న. అప్పటికి వాళ్లు పెట్టేసి ఉంటరు గదా, అది అబద్ధం కాదనిపించింది. నువ్వే పెట్టినవా అని మళ్లీ అడిగినవ్."

"ఆఁ అన్నవ్."

"ఆఁ అన్న."

"మరి ఆదివారాలు?"

"వెతకనీకి వచ్చిన. మొదట్ల చిన్నపిల్లల దిక్కు పోనీకి ధైర్యం చాలలే. ఆ మూలకు పోకుండ ఈ పెద్దోళ్ల వరుసలే తిరిగిన. ఒక్కో రాయి చదివిన. ఎన్నో ఆదివారాలు. ఊకె తిరుగుతున్ననని ఇక్కడ గడ్డి కోసేటాయన మాట కలిపిండు, ఈయన పలానా, ఆయన పలానా అని చెప్పవట్టిండు. తర్వాత కమిటీలోళ్లు టూరు నువ్వే చెయ్యి అన్నరు. పాప దొరకలే. వీళ్లు దొరికిన్రు."

"చిన్నపిల్లల దిక్కు అసలు పోనే లేదా?"

"పోయిన. జూన్‌ల. అన్ని పేర్లు చదివిన. పేర్లున్నవి మనవి కావు గదా. పేరు లేకుండ చిన్న చెక్కగుర్తులు ఉన్నయి, పదకొండు. ఆ పదకొండుల ఏదో ఒకటి. ప్రతి ఆదివారం టూరు అయినంక పోయి, అన్నిటి దగ్గర తలా ఇంతసేపు నిలబడి వస్త."

"ఈ శ్మశానం ఆఫీసుల అడిగితే చెప్తుండె గదా. పుస్తకంల ఉంటది."

"ఏమని అడగాలె? నేను తండ్రిని, నా బిడ్డను ఎక్కడ పెట్టిన్రో నాకు తెల్వదు, కొంచెం చెప్పున్రి అనా? కమిటీలోళ్లంత నన్ను మంచోడు అనుకుంటున్నరు. ఆ ముఖం పెట్టుకోని ఎట్ల అడగాలె?"

"అడగకు."

"నువ్వు తిట్టు, లేఖా. కొట్టు. ఇట్ల మెల్లగ మాట్లాడకు."

"కోపం వస్తే తిడ్తుంటి. వస్తలేదు. నడువు, అటు పోదాం."

"పోయి ఏం చేస్తం? పదకొండు ఉన్నయి అంటున్న."

"గోడ దిక్కు నుంచి లెక్కపెడితే నాలుగోది."

"ఏంది?"

"మన పాపది. గోడ దిక్కు నుంచి నాలుగోది."

"నీకెట్ల తెలుసు? హాస్పిటలోళ్లు కాయితం పంపిన్రా?"

"వార్డుల నర్సు వచ్చింది. మీ ఆయన ఇంకా అక్కడికి చేరలేదట, ఫోన్ ఎత్తుతలేడట, ఏం చేద్దాం అని. నేను వస్త అన్న. వీల్‌చైర్‌ల కిందికి దింపి తన కార్ల ఇక్కడికి తీసుకొచ్చింది. నువ్వు ఒంటిగంటకు వచ్చినవ్. నేను పన్నెండున్నరకే బెడ్ మీద ఉన్న."

"కుట్లతోటి వచ్చినవా? నాలుగు రోజులు కూడ కాలే నీకు ఆపరేషన్ అయి."

"ఐదో రోజు."

"మరి ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవేమో అని చూసిన. ఈ వారం, వచ్చే వారం అని. తర్వాత తర్వాత అడగాల్నని కూడ అనిపియ్యలే. ఇప్పుడు ఊరు మారుతున్నం గదా. ఈ అబద్ధం అక్కడిదాంక మోసుకపోవుడెందుకని అడిగిన."

"తల్లి రావొద్దని పెద్దబాపు అంత చెప్పిండు గదా, లేఖా."

"చెప్పిండు. గొయ్యి తవ్వినాయన కూడ అడిగిండు, తండ్రి వస్తున్నడా, ఆగాల్నా అని. దారిల ఉన్నడు అని చెప్పి ఇరవై నిమిషాలు ఆపిన. తర్వాత నేనే దింపిన."