నల్ల కళ్ళజోడు

1998. అమలాపురం దగ్గర ఓ పల్లె. కొబ్బరి రైతు బుల్లిరాజు తల్లి అమ్మాజీ పోయి ఏడాది అయిన రోజు. ఆవిడ పేరు మీద స్కూల్లో ఉచిత కంటి శిబిరం పెట్టేడు. మైకు దగ్గరికి వెళ్తున్న అతన్ని, బండారులంకలో మగ్గం నేసే అప్పాయమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోనే ఆపేసింది.

"ఆ మాట మాత్రం మైకులో చెప్పకండి బాబూ."

"ఏ మాటండి?"

"అదేనండి... శిబిరంలో మీ అమ్మగారికి చూపొచ్చిందనీ..."

"అదే కదండీ అసలు సంగతి! మూడేళ్ళ కిందట పైసా తీసుకోకుండా మా అమ్మకి ఆపరేషన్ చేసేరు. కొబ్బరికాయల దింపు పెట్టుకుని, నేను కూడా వెళ్ళలేకపోయేను. అందుకే ఇప్పుడావిడ పేరున యాభై మందికి చేయిస్తన్నాను. ఆ బేనరు మీద ఫొటో చూడండి. ఇంటికొచ్చిన రోజునే తీయించేను. నల్ల కళ్ళజోడుతో మారాణిలా లేదూ?"

"ఆయ్. చూసేనండి."

"చూస్తే ఏడుస్తారేంటి పిన్నిగారూ?"

"ఏం లేదండి. ఎండ."

"వరండాలో ఎండేంటండి?"

"మీ అమ్మగారు పోయిన రోజు... ఏమైందండి బాబూ? నాకెవరూ సరిగ్గా చెప్పలేదు."

"ఇప్పుడెందుకండి అయ్యన్నీ. తోటలో బోదె కాలవ దాటుతూ పడిపోయింది. తలకి రాయి తగిలింది. కళ్ళు తిరిగుంటాయన్నారు డాక్టరుగారు."

"కళ్ళు తిరిగి..."

"మరింకేంటండి? నలభయ్యేళ్ళుగా ఆవిడ దాటుతున్న బోదె. కాయల రాశి ముందు కూచుని, కాయ తట్టి, ఇది నీళ్ళకాయ, ఇది ఎండిన కురిడీ అని చెప్పే మనిషి!"

"తట్టి చెప్పేవారు బాబూ. చూసి కాదు."

"అంటే?"

"ఆ కళ్ళజోడు నాదండి."

"ఏంటీ?"

"ఆ శిబిరం రోజు నేనెళ్ళేసరికి ఆపరేషన్ చీటీలు అయిపోయేయన్నారు. మెట్ల మీద కూలబడి ఏడ్చేను. తెగిన పోగు కనబడక, షావుకారు నూలివ్వడం అప్పటికే మానేసేడు. మీ అమ్మగారు తన చీటీ తీసి నా చేతిలో పెట్టేసేరు."

"లేదండీ. అయిపోయిందిరా అంది నాతో. తనే అంది."

"'నాకేమే, కంచం నా ముందుకే తెచ్చి పెడతాడు నా కొడుకు. నీకెవరున్నారు?' అన్నారు. రెండ్రోజులు నా మంచం పక్కనే ఉన్నారు. మీకు తెలిస్తే కోప్పడతారని, నాకిచ్చిన కళ్ళజోడు పెట్టుకుని ఇంటికెళ్ళేరు. వచ్చే శిబిరానికి చేయించుకుంటాలే అన్నారు. మళ్ళీ శిబిరమే రాలేదండి."

"మరి... ఆ రెండేళ్ళూ?"

"అడుగులు లెక్కేసుకునేవారు. గుమ్మం నించి నూతికి పద్దెనిమిది. బోదె మీద వంతెనలా వేసిన దుంగకి నలభై రెండు. నాతో చెప్పి నవ్వేవారు కూడాను. ఒక్కడుగు తప్పేవారు కాదండి. అలాంటి మనిషి ఎలా పడిపోయేరో నాకీ ఏడాదీ నిద్దర లేదు... బాబూ? అలా అయిపోయేరేంటి? తిట్టండి నన్ను. మీ అమ్మగారి చూపు తినేసేను. కొట్టినా పడతాను."

"పిన్నిగారూ."

"ఆయ్."

"కాయలు మోసేవాళ్ళకి దగ్గరవుతుందని, అమ్మ పడిపోడానికి ముందు రోజు ఆ దుంగ పదడుగులు అవతలికి జరిపించేను. అమ్మకి చెప్పలేదండి. కనబడుతుంది కదా అనుకున్నాను."