ఆయమ్మకి పెట్టిన చీర

ఇటు ఫ్యాను కిందకి జరగవే హీనా, వీధంతా మిరపకాయలు ఎండేశారు, ఘాటుకి నువ్వాగలేవు. ఆఁ, ఏమన్నావూ, కాన్పయ్యాక ఆడవాళ్ళ మనసు బెదిరిపోవడం మీద పరిశోధనా? దానికి గుంటూరంతా తిరగడం ఎందుకే! మీ అమ్మని కన్న షాజాదీ సంగతి చాలదూ? నా తోడికోడలు. కాయకోతలకి పోతే చేను చేనంతా నవ్వించేది. అట్టాంటి మనిషి.

మీ అమ్మ సిద్దికా కడుపులో అడ్డం తిరిగింది. ఆసుపత్రికి తీసకపోయాం. అక్కడో ఆయా ఉంది చూడూ, దాని చేతులు పడిపోను, నొప్పులు పడేదాన్ని తొడల మీద కొట్టిందే! 'మొగుడి పక్కన పడుకున్నప్పుడు లేదా ఈ ఏడుపు, నోరు ముయ్యి' అని నోట్లో గుడ్డ కుక్కింది. వరండాలో నుంచుని అంతా విన్నా. లోపలికి పోబోతే మా అత్త రెక్క పట్టుకు లాగింది, 'కొత్తకోడలివి, నీకెందుకే కరీమున్' అని.

ఇంటికొచ్చాక షాజాదీ మళ్ళీ నవ్వలా. తలుపు చప్పుడైతే చాలు వణికేది. నిద్దట్లో 'కొట్టకమ్మా, కొట్టకు' అని లేచి కూచునేది. బిడ్డకి మాత్రం పాలిచ్చేది, ఒళ్ళో ఏసుకుని జోకొట్టేది. నా కళ్ళారా చూశా, అది కూడా రాసుకో.

నలభయ్యో రోజు స్నానానికి చుట్టాలంతా దిగారు. మా అత్త ఎవర్ని పిలిచిందనుకున్నావు? ఆ ఆయానే! రెండు ప్రాణాలు కాపాడిన మహాతల్లంట! చాప మీద కూచోబెట్టి, చీర పెట్టి, దీవించమని బిడ్డని దాని చేతుల్లో పెట్టింది. అదేమో 'ఏమ్మా, ఆ రోజు ఎంత అల్లరి చేశావు' అని పళ్ళికిలించింది. షాజాదీ కొయ్యబారిపోయింది. నుంచున్న చోటే ఉచ్చ పడి కట్టుకున్న చీర తడిసిపోయింది పాపం. ఒక్క కేక పెట్టి బిడ్డని లాక్కోబోయింది.

అంతే! 'బిడ్డని చంపబోయింది, గాలి సోకింది' అని ఇల్లంతా ఒకటే గోల. మీ తాత మాబు సాహెబ్, మగాడు మరి, జుట్టు పట్టి ఈడ్చాడు. తెల్లారి పిడుగురాళ్ల పుట్టింటికి తోలేశారు. పాలు తాగే పిల్లని మాత్రం ఇవ్వలా. 'అది బిడ్డ కోసం ఉరికింది, బిడ్డ మీదకి కాదు' అని నేను మొత్తుకున్నా. 'నువ్వూ పోతావా దాని ఎంబడే' అన్నాడు మా ఆయన. ఏం మనుషులే వీళ్ళు!

అక్కణ్ణించి పండగ పండక్కీ పిల్లకి గౌను కుట్టి పంపేది షాజాదీ. ఒక్కటి తొడగనిచ్చిందా మా అత్త ముసల్ది? చివరికి పిల్ల నడక ఒక్కసారైనా కళ్ళజూడకుండానే రెండేళ్ళకి జొరమొచ్చి పోయింది.

ఏడవమాక, విను. మీ అమ్మకి యాభై దాటాయి, ఇప్పటికీ 'కన్నతల్లే నన్ను చంపబోయింది చిన్నమ్మా' అంటది. కాదే అంటే, ఓదార్పుకి చెబుతున్నాననుకుంటది. నువ్వు చదువుకున్నావు, ఆ జబ్బుకో పేరుందంటున్నావు. ఆ పేరుతో సహా మీ అమ్మకి చెప్పు. రేపూ ఎల్లుండీ కాదు, ఇప్పుడే, నా ముందే ఫోను చెయ్యి. మోగుతోందా? ఎత్తిందా? నాకియ్యబాకే, నువ్వే చెప్పు... వాళ్ళమ్మ దాన్ని ఎత్తుకోబోయిందని చెప్పు.