శనివారం ఏడు నుంచి ఎనిమిది

హలో… ఆఁ, నేనే నాయనా, సువార్తను. హాస్టల్లోనే ఉండా. చెప్పు.

… ఎవరు చెప్పినారు నీకు? … జోయల్ గాడా! వాడు తమ్మునిగా పుట్టి యూనివర్సిటీకి చదువుకోను వచ్చినాడా, నా మీద నీకు చాడీలు చెప్పను వచ్చినాడా?

… లేదు నాయనా, ప్రార్థన మానేయలే. … మానేయలే అంటాండా గదా! టయం మార్చినాం, అంతే.

… ఏందీ? పాస్టరుగారిని పిల్చుకోని రేపు మొదటి బస్సుకి వస్తావా? మడకశిర నుంచి? … వద్దు నాయనా, నీకు దండం పెడతా. 'సంఘ పెద్ద మద్దిలేటి వచ్చినాడు' అంటే ఈడ ఎవరూ లేచి నిలబడరు. నువ్వు గేటు కాడ అరిస్తే మా వార్డెను నాగలక్ష్మమ్మ మేడం ఆ రూముకి తాళం వేసి పారేస్తాది. మా ఒక్కరికే కాదు, అందరికీ!

… ఏ రూమా? అది తెలీకుండానే కోపం వచ్చిందా నీకు? … సరే, మొదట్నుంచి చెప్తా. మధ్యలో అడ్డం రావద్దు.

మా హాస్టల్లో పాత పరుపులు వేసే రూము ఒగటి ఉండె. మేడం దాన్ని ఖాళీ చేయించి, "ఏ దేవునికి మొక్కుకునేవాళ్ళయినా ఈడ మొక్కుకోండి. టయాలు మీరే పంచుకోండి. కొట్లాడినారంటే మళ్ళా పరుపులే!" అనింది.

… ఆఁ, మంచి మేడమే. … ఆయమ్మ ఏ దేవునికి మొక్కుతాదో నేను అడగలే నాయనా! అడ్డం రావద్దంటి గదా.

శనివారం సాయంత్రం కాడ తగులుకున్యాం. లక్ష్మీప్రసన్న వాళ్ళకి వెంకటేశ్వరస్వామి భజన. ముబీనాకి పొద్దు మునగతానే నమాజు. మాకు ప్రార్థన. ముగ్గురికీ ఆరు గంటలే కావాల!

… కొట్లాడినాం మరి! చేతులు కట్టుకోని కూచుంటామా? వాళ్ళ సాంబ్రాణి పొగకి మాకు దగ్గు. మా డోలు మోతకి వాళ్ళకి తలకాయ నొప్పి. ముబీనా ఏమో, "నాకు పది నిమిషాలు చాలక్కా, ఆ పది నిమిషాలన్నా నోర్లు మూసుకోండి," అనింది.

… నవ్వు, నవ్వు. డోలు కొట్టేది నేనే.

నిన్న మేడం ముందర కూచోని పేపరు మీద రాసుకున్యాం. ఐదుకి భజన. తర్వాత ముబీనా. ఏడుకి మేము. అంతా అయిపాయ, ఇంగ సంతకాలే. అప్పుడు తలుపు కాడ నుంచి, "నాక్కూడా ఒగ గంట కావాల," అని ఒగ గొంతు. చూస్తే అర్చన. మా పక్క రూము అమ్మాయి, ఉరవకొండ వాళ్ళు.

నువ్వు ఏం చేసుకుంటావు అంటిమి. "ఏమీ చెయ్యను. ఊరికే కూచుంటా." ఏ దేవునికి? "నేను ఏ దేవుణ్ణీ నమ్మను."

… అదే! మేమూ నీ మాదిరే నోరు తెరిచినాం. అంతసేపూ జుట్లు పట్టుకున్న మూడు గుంపులూ ఒక్క క్షణంలో ఒకటైపోయినాయి నాయనా! "దేవుడు లేనామెకి ఈ రూము ఎందుకు?" అని లక్ష్మీప్రసన్న. "అదే గదా!" అని నేను. ముబీనా కూడా తలకాయ ఊపె.

… ఉండు, ఇంకా అయిపోలే.

ఎప్పుడు కావాలమ్మా అనింది మేడం. "శనివారం ఏడు నుంచి ఎనిమిది." మా గంటే! నేను లేచి నిలబడినా. … లేదులే, చెయ్యి ఎత్తలే. "ఆ గంటే ఎందుకు?" అని అరిస్తి. అప్పుడు చెప్పింది అర్చన…

నాయనా… ఉండావా?

ప్రతి శనివారం ఏడు గంటలకి వాళ్ళమ్మ ఫోన్ చేస్తాండె అంట. వాళ్ళకి అంగడి ఉండాది. ఆ ఒక్క దినం అంగడి తొందరగా మూసి, బిడ్డతో మాట్లాడేది. ఉగాదికి ముందర… పోయింది. … జ్వరమే. మూడు దినాలు.

… వాళ్ళ రూములో ఆరుగురు నాయనా. శనివారం ఆ టయానికి అందరి ఫోన్లూ మోగుతాయి. "అమ్మా, తింటివా?", "అమ్మా, చెనిక్కాయల పొడి పంపించు"… వాళ్ళంతా మాట్లాడతాంటే, ఈమె స్నానాల రూములో తలుపేసుకోని కూచుంటాండాది. ఉగాది నుంచీ. పక్క రూములోనే ఉండి నాకు తెలీదు.

… నేనే. పేపర్లో మా పేరు నేనే కొట్టేసినా. మా వాళ్ళను ఒగ మాట అడగలే. దానికే వాళ్ళకి నా మీద కోపం. అదే జోయల్ గాని చెవిన పడింది.

… మేమా? ఆదివారం తెల్లారుజామున, ఐదున్నరకి. … లేస్తా! … నవ్వద్దు, లేస్తా అంటే లేస్తా. … ముబీనా లేపుతాది. ఆయమ్మి ఎట్లా నమాజుకి లేస్తాది గదా, వస్తా వస్తా మా తలుపు కొడతాది. మాట తీసుకున్యా.

… డోలా? ఆ టయంలో కొడితే హాస్టలంతా కలిసి నన్ను కొడతాది. చప్పట్లే.

… ఏం నాయనా, కోపమా?

… తప్పనుకుంటే తిట్టు. దేవునికి ఇయ్యాల్సిన గంట తీసి వేరే వాళ్ళకి ఇచ్చినానా నేను? … ఆఁ? … మళ్ళా చెప్పు.

… సరే. సరే నాయనా. … పాస్టరుగారికి నువ్వే చెప్తావా? … బస్సు ఎక్కవు గదా? … అమ్మయ్య.

… ఆమా? ఈడే ఉండాది, మెట్ల మీద కూచోని బట్టలు మడత పెడతాండాది. … నువ్వు మాట్లాడతావా!

… వద్దొద్దు, శనివారం ఏడుకి చెయ్యద్దు. ఆ గంట ఆమెది. ఫోను ఆపేసుకుంటాది. మాట్లాడాలంటే ఇప్పుడే మాట్లాడు.

నాయనా, ఇను — ప్రార్థన మొదలు పెట్టద్దు. … చిన్నది కూడా వద్దు. … కండ్లు మూసుకుంటే నాకు ఈడికే తెలుస్తాది. … ఏం మాట్లాడాల్నా? గొర్రెల గురించి చెప్పు. ఆ కుంటి పొట్టేలు హిందూపురం బస్సు ఎక్కింది చూడు, అది చెప్పు. … మొత్తం చెప్పు, తొందరేం లేదు.

అర్చనా! ఇట్ల రా. … మా నాయన. … నీతోనే అంట. … ఏం కాదు, తీసుకో. గట్టిగా మాట్లాడతాడు, చెవికి కొంచెం దూరంగా పెట్టుకో.