రెండో గేరులో

మధ్యాహ్నం. సిమెంటు బస్తాలతో కొండ ఎక్కుతున్న పాత లారీ. స్టీరింగు ముందు భార్య, పక్క సీట్లో భర్త.

"మళ్లీ అదే మాట. కొత్త లారీకి ఏం తక్కువైంది బావా?"

"లాగుడు తక్కువ. ముందు రెండో గేరుకి దించు, ఇంజను మూలుగుతోంది."

"దించాన్లే. రెక్కలు పడిపోతున్నాయి నాకు. నడుం నొప్పంటూ నువ్వు ఆ సీట్లోకి జరిగిన దగ్గర్నుంచీ ఈ చక్రం నా మెడకి చుట్టుకుంది. ఓనరు పిలిచి మరీ కొత్తది నీ చేతికిస్తానంటే..."

"హార్స్‌పవర్ ఎక్కువని మురిసిపోతున్నాడు. హార్స్‌పవర్ ఒక్కటుంటే బరువు కదులుతుందా?"

"మరి దేంతో కదులుతుంది?"

"టార్క్‌తో. చక్రాన్ని మెలితిప్పే బలం. బిగుసుకుపోయిన నట్టుకి పొడుగు రెంచి వేసి వేలాడతామే, అదీ టార్క్."

"హార్స్‌పవర్?"

"ఆ బలంతో ఎంత గబగబా తిప్పగలవో, అది. బలం అంతే ఉన్నా, ఇంజను వేగంగా తిరిగేకొద్దీ హార్స్‌పవర్ పెరుగుతుంది. ముల్లు ఎక్కడుంది?"

"ఏ ముల్లు?"

"ఇంజను ఎంత తిరుగుతోందో చూపించే ముల్లే."

"ఎదురుగానే ఉందిగా. చూడరాదూ?"

"నడుం వంగదే. చెప్పు."

"పదిహేను వందల మీద."

"అక్కడే ఉంచు. దీని లాగుడంతా అక్కడే. ఇంకా తొక్కితే హార్స్‌పవర్ పెరుగుతుంది, గోల పెరుగుతుంది, లాగుడు మాత్రం పడిపోతుంది."

"అయితే హార్స్‌పవర్ దండగంటావు."

"దండగని ఎవరన్నారు? ఇంత బరువుతో కొండ ఎంత తొందరగా ఎక్కుతావో తేల్చేది అదే."

"తొందరగా ఎక్కితే తొందరగా ఇల్లు చేరతాం. నాకు కావలసింది అంతే బావా. ఒళ్లు మరిచి ఒక్క పూట పడుకోవాలి."

"ఆ కొత్తదానికి లాగుడు లేదంటుంటే..."

"షోరూం అతన్ని అడిగా. టార్క్ కూడా దానికే ఎక్కువట. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడే అందుతుందట."

"వాడు అమ్ముకునేవాడు. అలాగే చెప్తాడు."

"నీ నడుముకి ఏమీ లేదని డాక్టరన్నాడు. ఆయనా అమ్ముకునేవాడేనా?"

"నొప్పి నాది, ఆయనది కాదు."

"నాతో చెప్పడానికి ఏంటి బావా నీకు?"

"చెప్పడానికేముంది? ఊరికే విసిగించకు. రోడ్డు చూసి నడుపు."

"చూస్తూనే ఉన్నా. అయ్యో, అదిగో, ఆ ఎర్ర లారీ. రోడ్డు మధ్యలో ఆగిపోయింది!"

"ఆఁ, చూశా. ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నా."

"ఎటునుంచి పోనూ?"

"కుడివైపు చోటుందిగా. మెల్లగా కుడికి తిప్పు."

"చోటు చాలుతుందా?"

"చాలుతుంది. నాకు కనిపించట్లేదా ఏంటి? తిప్పు."

"బాగా చూసే చెప్తున్నావా?"

"నీకు స్టీరింగు పట్టడం నేర్పిందే నేను. తిప్పమంటుంటే!"

"ముందు ఏ లారీ లేదు బావా. రోడ్డంతా ఖాళీ. ఎన్నాళ్లయింది నీకు కళ్లు కనిపించక?"